లష్కర్ దర్జీలం

2025 మే 7, బుధవారం. సాయంత్రం నాలుగింటికి సికింద్రాబాద్‌లో సైరన్ మోగింది. ఇది ఉత్త మాక్ డ్రిల్లేనని, గోల్కొండ, కంచన్‌బాగ్, మౌలాలిలో కూడా మోగుతుందని, ఎవరూ భయపడొద్దని పొద్దుటి నుంచి టీవీల్లో చెబుతూనే ఉన్నారు. అయినా అది మోగగానే మా ఇంట్లో పెద్దవాళ్లం ముగ్గురం ఒక్కసారే లేచి కిటికీ తలుపులు మూశాం. మూశాక ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. పిల్లలు నవ్వారు. కిటికీ మూస్తే బాంబు ఆగుతుందా అని అడిగారు. ఆగదని మాకూ తెలుసు. మేము మూసింది మా మాటలు బయటికి పోకుండా. ఆ ముందు రాత్రి ఒంటిగంట దాటాక మన సైన్యం పాకిస్తాన్‌లోనూ, దాని చేతిలో ఉన్న కశ్మీరులోనూ తొమ్మిది చోట్ల దాడి చేసింది. పహల్గాంలో ఏప్రిల్ 22న 26 మందిని చంపిన దానికి జవాబు. మేము దాని గురించే మాట్లాడుకుంటున్నాం. అందరిళ్లలో మాట్లాడుకున్నట్టే. కాని గొంతు తగ్గించి.

ప్రతి యుద్ధానికీ మేము రెండుసార్లు భయపడతాం. ఒకసారి బాంబులకు, మీలాగే. ఇంకోసారి మీకు.

ఈ మాట మీకు కష్టంగా ఉండొచ్చు. కాస్త ఓపిక పట్టి వినండి.

మా ఊరి పాత పేరు లష్కర్. అంటే దండు. 1806లో నిజాం సికందర్ జా పేరు మీద ఇంగ్లీషు వాళ్ల పటాలం కోసం వెలిసిన ఊరు. ఆషాఢంలో ఉజ్జయిని మహంకాళికి చేసే బోనాలను ఇవాళ్టికీ లష్కర్ బోనాలనే అంటారు, ఆ మాటలో ఎవరికీ ఏ తప్పూ కనిపించదు. అదే మాట పేపర్లో హెడ్డింగుగా వచ్చిన రోజున మేము తలవంచుకుని టీ తాగుతాం. మేము లష్కర్‌లో పుట్టినవాళ్లం. తిరుమలగిరి లాల్ బజార్‌లో మా తాత మిషను పెట్టాడు. ఆయన ఇంగ్లీషు సోల్జర్లకు కుట్టాడు. మా అబ్బా మన జవాన్లకు కుట్టాడు. ఖాకీ పోయి ఆలివ్ గ్రీన్ వచ్చింది, మిషను మాత్రం అదే. మా ఇంట్లో పిల్లలకు అక్షరాలకంటే ముందు కాజాలు తీయడం వచ్చేది. భుజం మీద చుక్కలు చూసి ర్యాంకు చెప్పేవాళ్లం. దేశభక్తి అన్న మాట బడిలో నేర్చుకున్నాం గాని, దేశానికి నడుము కొలత ఎంత, చేతుల పొడవెంత అన్నది మాకు ఇంట్లోనే తెలుసు.

ఇక రెండు దేశాల సంగతి. ఇప్పటివాళ్లకు పొరుగుదేశంతో యుద్ధమంటే పాకిస్తాన్‌తోనే. మా ఇంట్లో లెక్క ఇంకో యుద్ధం దగ్గర మొదలవుతుంది. 1948 సెప్టెంబర్ 13న ఇండియా సైన్యం హైదరాబాద్ రాజ్యంలోకి వచ్చింది. దాన్ని పోలీసు చర్య అన్నారు. ట్యాంకులు, విమానాలు వచ్చిన పోలీసు చర్య. నిజాం ప్రభుత్వం ఐక్యరాజ్యసమితికి ఫిర్యాదు చేసింది. భద్రతామండలి పారిస్‌లో కూర్చుని 16వ తేదీన దాన్ని ఎజెండాలో చేర్చుకుంది. 17న నిజాం రేడియోలో కాల్పులు ఆపుతున్నానన్నాడు. వాదన మొదలయ్యేలోపే యుద్ధం అయిపోయింది. 18న జనరల్ ఎల్ ఎద్రూస్ మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురికి లొంగిపోయాడు. రజాకార్లు చేసిన దౌర్జన్యాలను మేము కాదనం, కాదనేవాళ్లు మాలో ఉంటే వాళ్లతో మాకు పని లేదు. ఆ తర్వాత జిల్లాల్లో మావాళ్ల మీద జరిగినదాన్ని చూసి రమ్మని నెహ్రూ ప్రభుత్వం పంపిన పండిట్ సుందర్‌లాల్ కమిటీ, చచ్చిపోయినవాళ్లు 27 వేల నుంచి 40 వేల దాకా ఉంటారని రాసింది. ఆ నివేదికను ప్రభుత్వం దశాబ్దాలపాటు బయటపెట్టలేదు. వాళ్లలో ఎంతమంది రజాకార్లు, ఎంతమంది మాలాంటి దర్జీలు, దూదేకులవాళ్లు, కసాయిలు అన్న లెక్క ఎవరూ తీయలేదు.

మా ఫుప్పు భర్త నిజాం సైన్యం లెక్కల ఆఫీసులో గుమాస్తా. ఆ సైన్యాన్ని రద్దు చేశాక ఉద్యోగం పోయింది. ఏడాదిన్నర చూసి, 1950లో ఖోక్రాపార్ దారిన కరాచీ వెళ్లిపోయాడు. ఫుప్పు వెంట వెళ్లింది. అప్పటికి పాస్‌పోర్టు లేదు. రెండు దేశాల మధ్య పాస్‌పోర్టు వచ్చింది 1952లో. పండక్కి వస్తానని చెప్పి వెళ్లింది, అంతే. పాకిస్తాన్ కావాలని వెళ్లలేదు, జీతం కావాలని వెళ్లింది. అబ్బా వెళ్లలేదు. ఎందుకు వెళ్లలేదని అడిగితే, "మిషను పెద్దది, మోయలేకపోయిన" అనేవాడు. మా జీవితంలో ద్విజాతి సిద్ధాంతం మీద విన్న చర్చ మొత్తం ఇదే.

1965 మాకు బాగా గుర్తు. మేము పిల్లలం. సెప్టెంబర్ 6న మన సైన్యం లాహోర్ వైపు దాటిందని రేడియో చెప్పింది. సెలవు మీద ఇళ్లకొచ్చిన జవాన్లను వెనక్కి పిలిచారు. అబ్బాకు రాత్రింబవళ్లు పని. చినిగిన మోకాళ్లు, ఊడిన గుండీలు, కొత్త ర్యాంకు ఫీతీలు. అమ్మీ లాంతరు పట్టుకుని కూర్చునేది, మేము కాజాలు తీసేవాళ్లం. ఆ వారంలోనే సివిల్ డ్రస్సులో ఒకాయన వచ్చాడు. స్టూలు మీద కూర్చున్నాడు.

"మాస్టర్, నీ చెల్లె ఏడుంటది?"

"కరాచీల, సాబ్."

"ఉత్తరాలొస్తయా?"

"వస్తుండె. ఇప్పుడు బంద్."

"ఏం రాస్తది?"

"పిల్లగానికి జ్వరమొచ్చింది, బియ్యం మంచిగ లేవు, అమ్మ ఎట్లుంది. గివే, సాబ్."

"అన్నీ పెట్టుకున్నవా?"

"లేదు సాబ్" అన్నాడు అబ్బా. ఉన్నాయి. పదిహేనేళ్ల ఉత్తరాలు, దాదీ పాన్‌దాన్ పక్కన రేకు డబ్బాలో. అబ్బా అబద్ధమాడటం మేము చూడటం అదే మొదలు. ఆయన లేచి పోతూ తన ప్యాంటు నడుము వదులు చేయమని ఇచ్చిపోయాడు. అబ్బా చేసిచ్చాడు. పైసలు తీసుకోలేదు.

ఆ రాత్రి అబ్బా రేకు డబ్బా దించాడు. పొయ్యి వెలిగిస్తే పొగ వస్తుంది, పక్కింటివాళ్లు అడుగుతారు. అందుకని ఇస్త్రీపెట్టె మూత తీసి, బొగ్గుల మీద ఒక్కొక్క ఉత్తరమే పెట్టాడు. కాలినకొద్దీ మూత వేసి ఇస్త్రీ చేశాడు. ఆ వేడితోనే తెల్లారేసరికి నాలుగు జతల యూనిఫాములు మడత పెట్టాడు. అవి తొడుక్కుని నలుగురు జవాన్లు రైలెక్కారు. వాళ్లు ఏ సరిహద్దుకు పోయారో, తిరిగొచ్చారో లేదో మాకు తెలియదు.

దాదీకి చదువు రాదు. ఉత్తరాలు కాలిపోయిన సంగతి ఆమెకు చెప్పలేదు. శుక్రవారం నమాజయ్యాక పాత ఉత్తరమొకటి చదివి వినిపించమనడం ఆమెకు అలవాటు. అబ్బా కొలతలు రాసుకునే పుస్తకం చేతిలో పట్టుకుని, ఛాతీ 38, నడుము 32 అని ఉన్న పేజీలోంచి ఫుప్పు ఉత్తరం చదివేవాడు. ఒక్క మాట తప్పు పోయేది కాదు. దాదీ కళ్లు మూసుకుని వినేది. ఒకసారి మాత్రం, "కాయితం చప్పుడు వేరేగుంది" అన్నది.

ఆ యుద్ధంలో మా అబ్బా రెండు పేర్లు పదేపదే చెప్పేవాడు. ఒకటి సైన్యాధిపతి జనరల్ చౌధురి. 1948లో మా హైదరాబాద్ లొంగుబాటు తీసుకున్న చౌధురే. మా ఇంటిని రెండు ముక్కలు చేసిన యుద్ధాలు రెంటికీ ఒకే సేనాని. రెండోది హవల్దార్ అబ్దుల్ హమీద్. ఖేమ్‌కరణ్ దగ్గర జీపు మీది తుపాకితో పాటన్ ట్యాంకులను పగలగొట్టి, సెప్టెంబర్ 10న చనిపోయాడు. పరమవీరచక్ర ఇచ్చారు. ఆయన తండ్రి కూడా దర్జీయే. అది తెలిసిన రోజు అబ్బా మొహం చూడాలి. హమీద్ ఫోటో పేపర్లోంచి కత్తిరించి, అద్దం కట్టించి మిషను పైన పెట్టాడు. గర్వంతోనే పెట్టాడు. కాని పెట్టేటప్పుడు, దుకాణంలోకి వచ్చేవాళ్లకు గుమ్మంలోంచే కనిపిస్తుందా లేదా అని రెండుసార్లు బయటికెళ్లి చూసుకున్నాడు. ఆ చూసుకోవడం మా ఇంట్లో ఇంకా పోలేదు. మీ ఇళ్లలో అబ్దుల్ హమీద్ వీరుడు. మా ఇళ్లలో వీరుడూ, సాక్షి కూడా.

23న కాల్పులు ఆగాయి. 1966 జనవరి 10న తాష్కెంట్‌లో సోవియట్ ప్రధాని కొసిగిన్ మధ్యవర్తిగా శాస్త్రీ, అయూబ్ ఖాన్ సంతకాలు చేశారు. ఆ రాత్రి తెల్లారకముందే శాస్త్రీ అక్కడే కన్నుమూశాడు. ఫిబ్రవరి 25 లోపు రెండు సైన్యాలూ ఆగస్టు 5 నాటి జాగాలకు వెనక్కి పోవాలని ఒప్పందం. పోయాయి కూడా. మెల్లగా ఉత్తరాలు మళ్లీ వచ్చాయి. అయితే మమ్మల్ని ఆగస్టు 5 నాటి జాగాకు తీసుకుపొమ్మని ఆ కాగితంలో ఎక్కడా లేదు. లాల్ బజార్‌లో అబ్బాను "ఉస్తాద్" అని పిలిచే కొందరు, అప్పట్నించి "మియా" అనడం మొదలుపెట్టారు. రెండూ గౌరవమైన మాటలే, తేడా ఏముంది అంటారా? వినే చెవికి తెలుస్తుంది. పైగా 1968లో శత్రు ఆస్తుల చట్టం వచ్చింది. పాకిస్తాన్ పౌరుల పేరన ఇక్కడున్నది శత్రువు ఆస్తి. మా ఇల్లు అబ్బా పేరనే ఉంది గనక బతికిపోయాం. కాని షరియత్ ప్రకారం ఆ ఇంట్లో ఫుప్పుకూ వాటా ఉంది. జ్వరం సంగతులు, బియ్యం సంగతులు రాసే ఆవిడను చట్టం భాషలో ఏమంటారో మాకు అలా తెలిసింది.

1971 డిసెంబర్ 4 రాత్రి మన నౌకాదళం కరాచీ రేవు మీద దాడి చేసింది. మర్నాడు బజారులో ఒకటే సంబరం, పేడాలు పంచారు. మేమూ చేయి చాపాం, తిన్నాం, చప్పట్లు కొట్టాం. నిజంగానే సంతోషపడ్డాం, అబద్ధమెందుకు. తూర్పు బెంగాల్లో పాకిస్తాన్ సైన్యం తోటి ముస్లిములనే ఎట్లా చంపిందో అప్పటికి వింటూనే ఉన్నాం. మతం ఒకటైతే దేశం ఒకటవుతుందన్న మాట అక్కడే చచ్చిపోయింది. ఇంటికొచ్చేసరికి దాదీ వాకిట్లో కూర్చుని ఉంది. "రేవు నుంచి మా బిడ్డ ఇల్లు ఎంత దూరం రా?" అని అడిగింది. మా చేతికి పేడా జిడ్డు ఇంకా ఉంది. మాకు తెలియదన్నాం.

ఆ యుద్ధం పదమూడు రోజుల్లో ముగిసింది. 16న ఢాకాలో లొంగుబాటు, 93 వేల మంది బందీలు. 1972 జూలై 2న సిమ్లా ఒప్పందం. ఇవన్నీ పుస్తకాల్లో ఉన్నాయి. టపాను మళ్లీ మొదలుపెట్టే ఒప్పందం రెండు దేశాలూ రాసుకున్నది 1974 సెప్టెంబర్ 14న అని మాత్రం మా ఇంట్లో అందరికీ నోటికొచ్చు. దాదాపు మూడేళ్లు. ఆ మధ్యలో, 1973లో దాదీ పోయింది. లండన్‌లో ఉన్న దూరపు చుట్టానికి రాస్తే, ఆయన అక్కణ్నించి కరాచీకి రాశాడు. తల్లి చనిపోయిన కబురు లష్కర్ నుంచి కరాచీకి లండన్ మీదుగా పోయింది. అది అందేసరికి ఇక్కడ చెహ్లుం కూడా అయిపోయింది.

ఫుప్పు ఒక్కసారే వచ్చింది, 1982లో. కరాచీలో మన కాన్సులేటు తెరిచి ఉన్న కాలం. ముప్పై రెండేళ్ల తర్వాత. ఆమె వీసా మీద హైదరాబాద్ అని రాసి ఉంది. వచ్చిన ఇరవైనాలుగు గంటల్లో పోలీసుల దగ్గర హాజరు వేయించుకోవాలి. అక్కడొక జవాను చాలాసేపు ఆలోచించి, "సికింద్రాబాద్ అంటే హైదరాబాదేనా?" అని అడిగాడు. నూటయాభై ఏళ్లుగా మేమంతా పోట్లాడుకుంటున్న ప్రశ్న అది, ఆయన తీర్చేస్తాడేమోనని ఆశపడ్డాం. చివరికి ముద్ర వేశాడు. కాని అదే వీసా మీద ఇంకో ముద్ర కూడా ఉంది. కంటోన్మెంటులోకి పోకూడదు.

లాల్ బజార్ కంటోన్మెంటులో ఉంది.

తాను పుట్టిన ఇంటికి ఆమె రాకూడదు. చిలకలగూడలో మా చిన్నాన్న ఇంట్లో నెలన్నర ఉంది. అక్కడి నుంచి మా ఇల్లు ఏడెనిమిది కిలోమీటర్లు. ఎవరు చూస్తారు, బుర్ఖాలో ఆటో ఎక్కించి తీసుకుపోదాం అన్నారు కుర్రవాళ్లు. అబ్బా ఒప్పుకోలేదు. ఆమే ఒప్పుకోలేదు. రోజూ మేమే వెళ్లేవాళ్లం. ఇంటి సంగతులు గుచ్చి గుచ్చి అడిగేది. బావి పూడ్చారా, గుమ్మం పక్కన సున్నం రాలిన చోట ఇప్పుడేముంది, మిషను ఏ గోడకుంది. ఒకరోజు పలక తెప్పించుకుని తానే ఇంటి బొమ్మ గీసింది, మేము తప్పులు దిద్దాం. వెళ్లేముందు రేకు డబ్బా సంగతి అడిగింది. "నా ఉత్తరాలున్నయా భయ్యా?" అబ్బా ఉన్నయన్నాడు. రెండోసారి అబద్ధం. ఆయన 1988లో పోయాడు.

ఇక్కడ ఒక మాట. మాలో పాకిస్తాన్ క్రికెట్ గెలిస్తే మనసులో సంబరపడినవాళ్లు లేరా? ఉన్నారు. వాళ్లను మేమే ఇంట్లో తిట్టాం, ఒకడికి చెంపదెబ్బ కూడా పడింది. కాని ఆ ఒకడి చప్పట్లు మా అందరి లెక్కలో రాశారు. ఇద్రిస్ హసన్ లతీఫ్ పేరు ఎవరి లెక్కలోనూ రాయలేదు. మన హైదరాబాదీయే. దేశం ముక్కలైనప్పుడు మన వాయుసేనలోనే ఉండిపోయాడు, 1978 నుంచి 1981 దాకా దానికి అధిపతి. 2018లో హైదరాబాద్‌లోనే కన్నుమూశాడు. మా చుట్టుపక్కల చదువుకున్న కుర్రవాళ్లను అడిగితే, ఆ పేరు పదిమందిలో ఒకరికి కూడా తెలియలేదు. మావాళ్లు కూడా అందులో ఉన్నారు.

1994లో బొంబాయిలో వాళ్ల కాన్సులేటు, కరాచీలో మన కాన్సులేటు మూతపడ్డాయి. ఆ తర్వాత కరాచీ నుంచి వీసా కావాలంటే వెయ్యి కిలోమీటర్లకు పైన ప్రయాణం చేసి ఇస్లామాబాద్ పోవాలి. మోకాళ్ల నొప్పులున్న ముసలావిడ ఎక్కడ పోతుంది? ఫోనే దిక్కయింది.

1999 ఫిబ్రవరిలో వాజ్‌పేయి బస్సెక్కి లాహోర్ పోతుంటే ఆమె ఫోన్ చేసింది, బస్సు లష్కర్ దాకా వేస్తారా అని నవ్వింది. మేలో కార్గిల్ వచ్చిపడింది. జూన్ 6న తుర్తుక్ దగ్గర కెప్టెన్ హనీఫుద్దీన్ చనిపోయాడు, నెల దాటాక గాని ఆయన శవం కిందికి రాలేదు. 28న మన హైదరాబాద్ పిల్లవాడు మేజర్ పద్మపాణి ఆచార్య పోయాడు. ఆ రెండు తేదీల మధ్యలోనే ఒక రాత్రి కరాచీ నుంచి ఫోను. ఫుప్పు పోయింది.

మేము గట్టిగా ఏడవలేదు. ఇదే చెప్పాలని ఇంతదూరం వచ్చాం. వాడలో కార్గిల్ అమరుల ఫ్లెక్సీలు కడుతున్నారు, చందాలు వసూలు చేస్తున్నారు, మేమూ ఇచ్చాం. ఆ ఇంట్లో ఎవరు పోయారు అని అడిగితే కరాచీ అన్న మాట ఎట్లా అంటాం? గుల్బర్గాలో దూరపు చుట్టం పోయిందని చెప్పాం. పక్కింటి మామ వచ్చి పరామర్శించాడు. ముప్పై ఏళ్ల పొత్తు. దాదీ పోయినప్పుడు పాడె వెంట నడిచిన మనిషి. ఆయనకు నిజం చెబితే ఏమీ అనేవాడు కాదేమో. చెప్పలేదు. ఆయన మీద అనుమానం మాది. ఇంతకాలం మమ్మల్ని అనుమానిస్తున్నారని మిమ్మల్నంటున్నాం, ఆ రోజు మేము చేసింది ఏమిటి? ఆయన కూడా ఇప్పుడు లేడు, వెళ్లి చెప్పడానికి.

మళ్లీ 2025. ఏప్రిల్ ఆఖరున పాకిస్తానీలకిచ్చిన వీసాలు రద్దయ్యాయి. మే 3న అక్కడి నుంచి వచ్చే టపా, పార్సెళ్లు బంద్ అన్నారు. మాకు ఎవరూ ఉత్తరాలు రాయడం లేదు, అయినా ఆ వార్తను రెండుసార్లు చదివాం. ఆ వారంలోనే శంషాబాద్ దగ్గర కరాచీ బేకరీ బోర్డు మీదికి కొందరు కర్రలతో వెళ్లారు. ఆ బేకరీ పెట్టింది కరాచీ నుంచి కట్టుబట్టలతో వచ్చిన సింధీ హిందువు, 1953లో. విడిచి వచ్చిన ఊరి పేరు పెట్టుకున్నాడు. ఆయనకైతే ఆ పేరు బోర్డు మీద రాసుకునే ధైర్యం ఉంది. మేము ఫోనులో ఫుప్పు మనవరాలి నంబరును "కె. టైలరింగ్" అని దాచుకున్నాం.

కల్నల్ సోఫియా ఖురేషీ టీవీలో నిలబడి దాడి వివరాలు చెబుతుంటే మా ఆడపిల్లలు కన్నార్పకుండా చూశారు. వారం తిరక్కుండానే మధ్యప్రదేశ్ మంత్రి ఒకాయన ఆమెను ఉగ్రవాదుల అక్కచెల్లెలి కింద జమకట్టి మాట్లాడాడు. హైకోర్టు తనంతట తానే కేసు పెట్టమంది. సంతోషం. కాని ఆలివ్ గ్రీన్ తొడుక్కున్నా సరిపోదని మా పిల్లలకు తెలిసిపోయింది. కుట్టేవాళ్లకు సరిపోలేదని మాకు ముందే తెలుసు.

మే 10 సాయంత్రం కాల్పులు ఆగాయని ట్రంప్ ముందు చెప్పాడు, మనవాళ్లు తర్వాత చెప్పారు. రాత్రి ఇషా నమాజుకు లేస్తుంటే "కె. టైలరింగ్" నుంచి మెసేజ్ వచ్చింది. రోమన్ అక్షరాల్లో ఉర్దూ. మీరంతా క్షేమమా, ఇక్కడ అందరం క్షేమం, దాదీ గీసిన ఇంటి బొమ్మ గోడ మీదే ఉంది అని. పలక మీది బొమ్మను ఫుప్పు ఎప్పుడు కాగితం మీదికి ఎక్కించుకుందో మాకు తెలియదు.

జవాబు రాద్దామన్నాం. ఇప్పుడొద్దు, కొన్నాళ్లు పోనీ అన్నాడు పెద్దవాడు. వాడికి ప్రైవేటు కంపెనీలో ఉద్యోగం. ఒక్క మాట, ఖైరియత్ అని రాస్తే ఏమవుతుంది అన్నది కోడలు. ఏమవుతుందో ఎవరికి తెలుసు అన్నాం మేము. అర్ధరాత్రి దాకా వాదించుకున్నాం. తెల్లారింది. ఆ తర్వాత చాలా తెల్లారాయి. మెసేజ్ అలాగే ఉంది. కింద రెండు నీలం గీతలు పడి ఉంటాయి గనక, మేము చదివామన్నది మాత్రం అక్కడ తెలిసే ఉంటుంది.